వాసన: లేదు

మార్చి 4, సోమవారం

ఈ డైరీకి కారణం సార్జెంటు గారు. "రోజూ డైరీ రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు, మీతో మీరు నిజం మాట్లాడుకోవడానికి" అని ఎనిమిదేళ్లుగా చెప్పే ముక్కే ఇవాళా గ్రూపులో చెప్తున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిటారుగా నిలబడి, "మేడమ్ రాస్తారా?" అన్నారు. "రాస్తాను" అన్నాను. నోట్లోంచి ఠక్కున వచ్చేసింది. ఇంటికొచ్చే దారిలో ఆగి ఈ పుస్తకం కొన్నాను కాబట్టి ఇప్పుడది అబద్ధం కాదు.

మొదటి పేజీలో మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి అని కూడా నేనే చెప్తాను. సరే. నేను లైసెన్సున్న థెరపిస్టుని. మాజీ సైనికుల చేత తాగుడు మాన్పించడం నా ఉద్యోగం. పాత టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ మేడ మీద రెండు గదులు, ఒక స్టోరు రూము, నీళ్లు కారే కూలరు. లైసెన్సు ఫ్రేము కట్టించి గోడకి పెట్టాను, మేకు వంకరగా ఉండటంతో అది ఎప్పుడూ ఎడమకి వాలుతుంది.

ఈ బ్యాచ్‌లో నలుగురు. సార్జెంటు గారు. ట్యాంకు నడిపిన ట్యాంకు, మనిషి కూడా అదే సైజు. వైర్‌లెస్ సెట్టు మోసిన వైర్‌లెస్. రెండొందల మందికి వండిన వంటమాస్టరు. రోజూ పదింటికి రోల్‌కాల్. ఒక్కొక్కరే లేచి తాగకుండా ఎన్ని రోజులైందో అంకె చెప్పాలి. సార్జెంటు గారిది ఇవాళ ఇరవై రెండు.

ఆయనకి అరవై కావాలి. పోయినేడు మనవరాలి మొదటి పుట్టినరోజుకి తాగి వెళ్లి కేకు మీద పడ్డారట. అక్కడ 'మీద' అంటే నిజంగా మీదే. కూతురు ఆయన్ని మళ్లీ గడప తొక్కనివ్వలేదు. అరవై రోజులు చుక్క ముట్టలేదని నా చేత్తో ఉత్తరం తెస్తే రెండో పుట్టినరోజుకి రానిస్తానంది. అది ఏప్రిల్ 14.

మార్చి 5, మంగళవారం

లైసెన్సు రెన్యువల్ ఫారం వచ్చింది. పదకొండో ప్రశ్న: మీరు ఏదైనా పదార్థానికి అలవాటు పడి ఉన్నారా? 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను. ముక్కులో చుక్కలు వేసుకుని సంతకం చేశాను.

చుక్కలు అలవాటు కాదు. నాకు సైనస్.

మార్చి 6, బుధవారం

సైనస్ అని ఏ డాక్టరూ చెప్పలేదు. నా ముక్కు సంగతి నాకు తెలియదా?

మార్చి 8, శుక్రవారం

ఇంటి నుంచి ఇక్కడికొచ్చే దారిలో మిమ్మల్ని లాగే చోట్లు రాసుకురండి అని హోంవర్కు ఇచ్చాను. మామూలు మనుషులైతే కాగితం మీద నాలుగు పేర్లు రాసుకొస్తారు. వీళ్లు నలుగురూ కలిసి గోడంత మ్యాపు తెచ్చారు. మందు కొట్లకి ఎర్ర గుండుసూదులు, బార్లకి నల్ల జెండాలు. ఊరికే పోసే స్నేహితుల ఇళ్లు 'శత్రు స్థావరాలు'. 'ఉపసంహరణ మార్గం' అని ఒక ఆకుపచ్చ గీత కూడా ఉంది. ఆ గీత తిన్నగా ఆడవాళ్ల బట్టల షాపులోంచి పోతోంది.

"దానికి వెనక తలుపుంది మేడమ్" అన్నాడు ట్యాంకు.

"ఓనరమ్మకి తెలుసా?"

"ఇప్పటికి రెండుసార్లు తెలిసింది."

మెచ్చుకోవాలో తిట్టాలో తెలియక మెచ్చుకున్నాను. చివర్లో, "ఒంటరిగా ఎవరూ గెలవలేరు, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండండి" అన్నాను. సైన్యంలో పనిచేసినవాళ్లతో ఆ మాట అనకూడదని నాకు ఏ కోర్సులోనూ చెప్పలేదు.

మార్చి 12, మంగళవారం

మెట్ల దగ్గర కాపలా పెట్టారు! కుర్చీ, బల్ల, ఒక రిజిస్టరు. గంటకొకరు చొప్పున డ్యూటీ. "ఇదేంటండీ?" అంటే, "మీరే కదా మేడమ్ ఆర్డరు వేశారు" అన్నారు సార్జెంటు గారు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, ఏ నిమిషానికి ఏం చేశారు, అన్నీ అందులో ఎక్కుతాయి. కింద టైలరు మేడ మీది గొడుగు తీసుకోవడానికి వస్తే ఆయన పేరు, పని, గొడుగు రంగు రాసుకుని పంపారట.

పోనీలే, తాగడానికి తీరిక లేకుండా ఉంటారు.

మార్చి 13, బుధవారం

అత్తయ్య ఇల్లు సర్దుతూ నా చుక్కల సీసాలు పంచదార డబ్బా వెనక ఒకటి, టీవీ వెనక ఒకటి, మా ఆయన బూటులో ఒకటి పట్టుకొచ్చి భోజనాల బల్ల మీద వరసగా నిలబెట్టారు.

"ఏమ్మా, కోడిపెట్టలా ఇల్లంతా పెట్టుకుంటూ వెళ్లావేం?"

"అవసరానికి చేతికి అందుబాటులో ఉండాలని అత్తయ్యా."

"అవసరం బూటులో ఎందుకొస్తుందే?"

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. నా గురకకి చెవుల్లో దూది పెట్టుకుని పడుకునే మనిషికి నవ్వే హక్కు ఉందనుకోండి, అయినా ఒళ్లు మండింది. మూడే దొరికాయి. ఇంకా నాలుగున్నాయి.

మార్చి 15, శుక్రవారం

మందుల షాపాయన నన్ను చూడగానే నేను నోరు తెరవకముందే సీసా తీసి కౌంటరు మీద పెట్టాడు. వెనక ఇద్దరున్నారు. తల తీసేసినట్టయింది. ఇక ఈ షాపుకి వారానికి ఒక్కసారే రావాలి. మిగతా రోజులకి బస్టాండు దగ్గరది, స్కూలు ఎదురుగా ఉన్నది ఉన్నాయి కదా.

సార్జెంటు గారు ఇవాళ గ్రూపులో చెప్పింది: "మూడు కొట్లు మార్చి మార్చి వెళ్లేవాణ్ణి మేడమ్, ఏ కొట్టువాడూ నన్ను తాగుబోతు అనుకోకూడదని." చక్కగా చెప్పారు. ఆయన ఫైల్లో 'దాపరికం' అని రాసి కింద గీత గీశాను.

మార్చి 18, సోమవారం

వీళ్లకేదో అయింది. వంటమాస్టరు నా బల్ల మీద టీ పెట్టి, తల వంచుకుని, "తాగండమ్మా, ఒంట్లో బలం ఉండాలి" అని వెళ్లాడు. నేను కనిపించగానే ట్యాంకు మాట ఆపేస్తున్నాడు. వైర్‌లెస్ నిద్ర బాగా పడుతోందా అని రెండుసార్లు అడిగాడు.

మార్చి 19, మంగళవారం

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

పదకొండింటికి గ్రూపు గదిలోకి వెళ్లేసరికి కుర్చీలు మార్చేసి ఉన్నాయి. మూడు ఒక వైపు, ఒకటి ఎదురుగా. ఆ ఒకటీ నాది. నేను కూర్చోగానే ట్యాంకు వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు, అంటే ఇక తలుపు లేనట్టే.

వైర్‌లెస్ రిజిస్టరు తెరిచి చదివాడు. "పన్నెండో తేదీ. 10:50, మేడమ్ స్టోరు రూములోకి. 10:52, బయటికి. ముక్కు తుడుచుకొనుట. కళ్లలో నీరు. 13:15, మేడమ్ స్టోరు రూములోకి. 13:17, బయటికి. ఉత్సాహముగా కనబడుట. పదమూడో తేదీ..."

ఏడు రోజులు చదివాడు. రోజుకి ఐదుసార్లు. నాకు మూడు అని గుర్తు.

తర్వాత నా కరపత్రం తీశాడు. 'దగ్గరివాళ్లతో మాట్లాడటం ఎలా', ఆరో నంబరు, నేను రాసిందే. దాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివాడు. "మేము నిన్ను తప్పు పట్టడం లేదు. నిన్ను పోగొట్టుకోవడం మాకు ఇష్టం లేదు. ఇక్కడ చెయ్యి పట్టుకోవచ్చును." వంటమాస్టరు వెంటనే వంగి నా చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు సార్జెంటు గారు గొంతు సవరించుకున్నారు. "మేడమ్, తెల్లపొడి పీల్చేవాళ్లని సర్వీసులో చూశాం. ఇలాగే స్టోరు రూము. ఇలాగే రెండు నిమిషాలు. ఇలాగే ముక్కు."

తెల్లపొడి! నేను! నవ్వు, ఏడుపు, కోపం మూడూ కలిసి వచ్చాయి, కానీ ముక్కు దిబ్బడేసి ఉండటంతో ఏదీ సరిగ్గా బయటికి రాలేదు. బ్యాగులోంచి సీసా తీసి బల్ల మీద కొట్టినంత పని చేశాను. "ముక్కు చుక్కలండీ! జలుబుకి వేసుకునే చుక్కలు!"

వంటమాస్టరు సీసా తిప్పి చూసి, "మా పిల్లలకి వేసేవాళ్లం" అన్నాడు, కొంచెం నిరాశగా. ట్యాంకు కడుపు పట్టుకుని నవ్వి నవ్వి తలుపుకి జారబడితే తలుపు బయటికి తెరుచుకుంది. వైర్‌లెస్ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

సార్జెంటు గారు నవ్వలేదు.

"జలుబు ఎప్పుడొచ్చింది మేడమ్?"

"నాలుగేళ్ల క్రితం."

"ఎన్ని సీసాలున్నాయి?"

"ఒకటే." ఆయన కదలకుండా చూశారు. "ఏడు. మూడు మా అత్తయ్య పట్టుకున్నారు."

"ఎన్ని షాపులు?"

మూడు వేళ్లు చూపించాను.

"మానేస్తే?"

"ఊపిరాడదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయగలను గానీ..." ఈ వాక్యం నేను పూర్తి చెయ్యలేదు. ఇదే వాక్యం పూర్తి చేసినవాళ్లందరి ఫైళ్లూ నా వెనక బీరువాలో ఉన్నాయి.

"రేపటి నుంచి రోల్‌కాల్‌లో మీ అంకె కూడా చెప్పండి మేడమ్" అన్నారాయన.

మెట్లు దిగేటప్పుడు వైర్‌లెస్ చల్లగా చెప్పాడు. సార్జెంటు గారి ఉత్తరం మీద నా సంతకం పడేదాకా ఆగుదామని తనూ, ట్యాంకూ, వంటమాస్టరూ అన్నారట. నేను తెల్లపొడి మనిషినని తేలితే నా లైసెన్సు పోతుంది, నా ఉత్తరం చెత్తకాగితం అవుతుంది, ఆయనకి మనవరాలు దక్కదు. సార్జెంటు గారే, "అప్పటికి ఈవిడ పోతే?" అన్నారట. నాకు ఏడుపొచ్చింది. నా కోసం కాపలా కాసినవాళ్లకి ఒకటే సీసా అని అబద్ధం చెప్పాను కదా అని సిగ్గేసింది.

మార్చి 20, బుధవారం

ఒకటో రోజు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నాలుగు సీసాలూ అత్తయ్యకి అప్పగించాను. "బూటులో ఇంకేమైనా ఉన్నాయా?" అన్నారు.

మార్చి 22, శుక్రవారం

నోటితో ఊపిరి. నాలుక అట్టముక్క. మా ఆయన దూది రెట్టింపు చేశారు.

మార్చి 25, సోమవారం

ఆరు. "మొదటి వారం కష్టం, తర్వాత తేలిక" అని నేను ఎంతమందికి చెప్పానో! ఒక్కడూ నన్ను కొట్టలేదంటే వాళ్లది ఎంత మంచి మనసో.

మార్చి 29, శుక్రవారం

పది. రెన్యువల్ ఫారం ఇంకా పంపలేదు. కొత్తది తెప్పించుకుని పదకొండో ప్రశ్నకి 'అవును, ముక్కు చుక్కలు, మానుతున్నాను' అని రాశాను. ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి గుమాస్తా, "మేడమ్, జోకా?" అన్నాడు. కాదన్నాను. ఫోన్ పక్కకి పెట్టి నలుగురికి చెప్పి నవ్వించి మళ్లీ వచ్చి, "అది అలాగే ఉంచండి, ఏం కాదు" అన్నాడు.

ఏప్రిల్ 1, సోమవారం

పదమూడో రోజు. బాగుంది.

ఏప్రిల్ 2, మంగళవారం

నిన్న రాసింది అబద్ధం. ఎవరికీ చూపించని పుస్తకానికి కూడా అబద్ధం చెప్పేశాను, ఇంకేం కావాలి!

జరిగింది ఇది. నిన్న మధ్యాహ్నం స్కూలు ఎదురుగా ఉన్న షాపుకి తలనొప్పి మాత్రల కోసమే వెళ్లాను. మాత్రలు మాత్రం కొనలేదు. కారులో కూర్చుని వేసుకున్నాను. కుడి ముక్కులో మాత్రమే వేసుకున్నాను కాబట్టి అది సగం తప్పే అనుకున్నాను. రెండు నిమిషాల్లో గాలి సర్రుమని లోపలికి వెళ్తుంటే స్వర్గం. ఐదో నిమిషంలో నరకం.

ఇవాళ రోల్‌కాల్‌లో పద్నాలుగు అని చెప్పాలి. నోరు తెరిచాను. ఎదురుగా సార్జెంటు గారు. ఆయన అప్పుడే యాభై ఒకటి చెప్పి కూర్చున్నారు.

"ఒకటో రోజు" అన్నాను.

ట్యాంకు, "అదేంటి మేడమ్, పద్నాలుగు కదా?" అని వేళ్ల మీద లెక్కపెట్టబోయాడు. "కాదు. నిన్న వేసుకున్నాను. కారులో. కుడి ముక్కు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. వంటమాస్టరు ఈసారి కరపత్రం లేకుండానే చెయ్యి పట్టుకున్నాడు. సార్జెంటు గారు మాత్రం ఇవాళంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఏప్రిల్ 9, మంగళవారం

ఎనిమిది. పొద్దున లేవగానే ఏదో మాడిన వాసన! వంటింట్లోకి పరిగెత్తాను. స్టవ్వు మీద పాలు అడుగంటుతున్నాయి. "అత్తయ్యా, పాలు!" అని అరిచాను. ఆవిడ స్టవ్వు కట్టేసి నా మొహంలోకి చూసి, "నీకు తెలిసిందీ?" అన్నారు. నాలుగేళ్లలో పాలు మాడిన సంగతి నేను కళ్లతో తప్ప ముక్కుతో కనిపెట్టలేదు. ఇల్లంతా తిరిగాను. అత్తయ్య తలనూనె, తడి తువ్వాలు, మా ఆయన సాక్సులు. ఇన్నాళ్లూ ఈ సాక్సులతో కాపురం చేశానా!

సంతోషంగా మెట్లెక్కి హాజరు పుస్తకం తెరిచేసరికి కొంప మునిగిందని అర్థమైంది.

అందులో ఒక గడి ఉంది. రోజూ ఒక్కొక్కరికీ దగ్గరగా వెళ్లి షేక్‌హ్యాండ్ ఇచ్చి, మందు వాసన ఉందో లేదో చూసి రాయాలి. నాలుగేళ్లుగా ప్రతి గడిలోనూ 'వాసన: లేదు' అని నా చేత్తో రాశాను. నా వైపు నుంచి అది నిజమే. నాకు ఏ వాసనా లేదు మరి. సార్జెంటు గారి యాభై ఎనిమిది రోజులకీ ఆయన మాట కాక సాక్ష్యం ఈ ముక్కొక్కటే.

ఏప్రిల్ 10, బుధవారం

ఉత్తరం టైపు చేశాను. సంతకం రేపు. సార్జెంటు గారి కూతురు పదింటికి వస్తానంది.

ఏప్రిల్ 11, గురువారం

గదిలో అడుగు పెట్టగానే తగిలింది. సబ్బు కింద, పుదీనా బిళ్ల కింద, నిన్నటి మందు. కొత్తగా తెరుచుకున్న ముక్కుకి ఇదా దొరికింది!

వరసగా షేక్‌హ్యాండ్ ఇచ్చాను. ట్యాంకు దగ్గర గ్రీజు. వంటమాస్టరు దగ్గర ఉల్లిపాయలు. వైర్‌లెస్ దగ్గర తలనూనె. దేవుడా, ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు కాకూడదా అని ఇంకోసారి చుట్టి వచ్చి వాసన చూశాను. "మేడమ్, బాగానే ఉన్నారా?" అని వైర్‌లెస్ రిజిస్టరు వైపు చెయ్యి చాపాడు.

నాలుగో చెయ్యి సార్జెంటు గారిది. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, కాళ్ల దగ్గర రంగు కాగితం చుట్టిన బొమ్మ. ఆ వాసన ఈయన దగ్గరే.

బయట బెంచీ మీద కూతురు, ఒళ్లో పాప. కాపలా నియమం ప్రకారం తలుపు తెరిచే ఉంది.

పెన్ను పట్టుకుని గడి ముందు కూర్చున్నాను. ఇంకొక్క 'లేదు' రాస్తే ఎవరికి నష్టం? ఎన్ని రాశానో! నిజం చెప్పాలంటే రాద్దామనే అనుకున్నాను. ఆయన నా కోసం ఉత్తరం పోగొట్టుకోవడానికి సిద్ధపడిన మనిషి. 'లే' దాకా రాశాను కూడా.

రోల్‌కాల్ మొదలైంది. ట్యాంకు నలభై. వంటమాస్టరు డెబ్బై ఒకటి. వైర్‌లెస్ పంతొమ్మిది. నేను పది. సార్జెంటు గారు ఎప్పుడూ ఆఖరున. లేచారు. మడమలు కలిపారు. గది గోడకేసి చూశారు.

"ఒకటో రోజు."

"అరవై కదా సార్?" అన్నాడు ట్యాంకు.

"ఒకటి." గొంతు గట్టిగానే ఉంది. "నిన్న పాపకి బొమ్మ కొందామని వెళ్లాను. బొమ్మల షాపున్న వీధి మన మ్యాపులో లేదు. ఇంతకుముందు అటు ఎవరమూ వెళ్లలేదు కదా. పక్కనే ఉంది కొట్టు. బాధగా ఉంటే ఏం చెయ్యాలో తెలుసు మేడమ్. నిన్న సంతోషంగా ఉన్నాను."

ఆయనే మళ్లీ అందుకున్నారు.

"పొద్దున అద్దం ముందు అరవై అనడం ప్రాక్టీసు చేశాను. బాగానే వచ్చింది. ఇక్కడికొచ్చి మిమ్మల్ని చూశాక రాలేదు. మీరు ముక్కు చుక్కలకే ఒకటి అని చెప్పారు."

నేను 'లే' కొట్టేశాను. 'ఉంది' అని రాశాను. ఆ పుస్తకంలో అదే మొదటి 'ఉంది'. తలెత్తేసరికి గుమ్మంలో కూతురు పాపనెత్తుకుని నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. టైపు చేసిన ఉత్తరం నా చేతిలోనే ఉంది. ఏం చెయ్యాలో తెలియక మడత పెట్టాను, మళ్లీ మడత పెట్టాను.

"ఉత్తరం వద్దులెండి మేడమ్" అంది. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, అమ్మ పోయిన రోజు కూడా తాగలేదనే చెప్పావు. గోడ పట్టుకుని నిలబడి మరీ చెప్పావు."

"అవునమ్మా."

"తాగానని నీ నోటితో చెప్పగా వినడం ఇదే."

ఆయన గోడకేసే చూస్తున్నారు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, అటెన్షన్‌లో తుడుచుకోకూడదేమో. పాప బొమ్మ కాగితం వైపు చెయ్యి చాపింది.

"ఆదివారానికి ఎన్నో రోజు అవుతుంది?"

"నాలుగు."

"నాలుగింటికి రా. గుమ్మం దగ్గర అంకె చెప్పి లోపలికి రా. ఏ అంకైనా సరే, నిజమే చెప్పు." చంకలో పాపని సర్దుకుంది. "కేకు మాత్రం బీరువా మీద పెడతాను."

నేను ఏడ్చాను. బాగా ఏడ్చాను. ఏడిస్తే ముక్కు మూసుకుపోయింది, అయినా చుక్కలు వేసుకోలేదు.

ట్యాంకు వెంటనే గుండుసూది తెచ్చి మ్యాపులో బొమ్మల షాపు పక్కన గుచ్చాడు.

ఏప్రిల్ 15, సోమవారం

పద్నాలుగు. కుడి, ఎడమ రెండూ.

పదింటికి ముందే వెళ్లాను. మెట్ల దగ్గర బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. సార్జెంటు గారి చేతిరాత, నిన్నటి తేదీ.

"16:00, గుమ్మము. అంకె చెప్పితిని. 16:01, లోపలికి. 18:30, బయటికి. కేకు క్షేమము."